ఆస్పత్రిలో ఉన్నన్నాళ్లైనా వడ్డీ ఆపరా?

మా అన్నయ్య మానసిక వైద్యశాలలో ఉన్న పంతొమ్మిది రోజులూ అతని ఫోన్ మా వదిన దగ్గరే ఉంది. సైలెంట్‌లో పెట్టి, తువ్వాల్లో చుట్టి, క్యారేజీ సంచి అడుగున పెట్టేది. అయినా సంచి గుర్రుగుర్రుమంటూనే ఉండేది. ఒకసారి ఎత్తితే "ఆస్పత్రైతే మాకేంటమ్మా, కిస్తీ ఎప్పుడు కడతారు?" అన్నాడు అవతలివాడు, లోన్ యాప్ వసూలు మనిషి. మర్నాడు మా పెదనాన్నకీ, అన్నయ్య పాత మేనేజరుకీ కూడా ఫోన్లు వెళ్లాయి. ఫోన్లోని కాంటాక్టుల జోలికి లోన్ యాప్‌లు పోకూడదని రిజర్వ్ బ్యాంకు 2022లోనే చెప్పింది. ఎవరు వింటున్నారు?

అన్నయ్యది బైపోలార్, అంటే మనసు ఒకసారి మితిమీరిన ఉత్సాహంలోకి (మ్యానియా), ఒకసారి తీవ్రమైన దిగులులోకి (డిప్రెషన్) ఊగే జబ్బు. మ్యానియా ఎక్కితే నిద్ర ఉండదు, అలుపు ఉండదు, ఏదైనా సాధిస్తానన్న ధీమా. ఆ పది రోజుల్లోనే నాలుగు యాప్‌లలో అప్పు చేశాడు. షాపే లేదు, రెండు జిరాక్సు మిషన్లకి అడ్వాన్సు కట్టాడు. తెల్లవారుజామున మూడింటికి ఓటీపీ కొడితే ఐదు నిమిషాల్లో డబ్బులు పడ్డాయి. మ్యానియా దిగాక డిప్రెషన్ వచ్చింది. చేసిన అప్పంతా అప్పుడు కనబడింది.

1872 నాటి కాంట్రాక్టు చట్టం 12వ సెక్షన్ చదవండి. మామూలుగా బాగుండి మధ్యమధ్యలో మతి స్థిమితం తప్పే మనిషి, తప్పిన సమయంలో ఒప్పందం చేసుకోకూడదని రాసి ఉంది. బాగానే ఉంది. ఆ రాత్రి మతి లేదని నిరూపించాలంటే వకీలు కావాలి, కోర్టు చుట్టూ తిరగాలి. మా వదిన డ్వాక్రా కిస్తీకే కమ్మలు తాకట్టు పెట్టింది.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం వైద్యం హక్కు అంది, మిగతా జబ్బులతో సమానంగా బీమా ఇవ్వాలంది. వాటికోసం పోరాడినవాళ్లకి దండం. అప్పులవాళ్లని ఆపే మాట మాత్రం అందులో లేదు.

ఇంగ్లండ్, వేల్స్‌లో ఉంది. 2021 మే నుంచి 'బ్రీతింగ్ స్పేస్' అని అమలు చేస్తున్నారు. ఫలానా మనిషి మానసిక సంక్షోభానికి చికిత్సలో ఉన్నాడని అర్హత ఉన్న నిపుణులు రాసిస్తే, ఆ చికిత్స సాగినన్నాళ్లూ, ఆపైన ఇంకో 30 రోజులూ చాలా అప్పుల మీద వడ్డీలు, జరిమానాలు, వసూళ్లు ఆగిపోతాయి. అప్పు మాఫీ కాదు, తర్వాత కట్టాల్సిందే. మేమూ ఎగ్గొడతామనలేదు కదా!

ఇంటికొచ్చిన రెండు నెలలకి రక్తపరీక్షలో లిథియం (ఈ జబ్బుకి అన్నయ్య వేసుకునే మందు) బాగా తక్కువ వచ్చింది. "మందు మానేశారా?" అని డాక్టరు గారు గట్టిగానే అడిగారు. అన్నయ్య తల దించుకున్నాడు. ఇంటికెళ్లి చూస్తే దిండు కింద చిన్న డబ్బాలో సగానికి విరిచిన బిళ్లలు. కిస్తీకి డబ్బులు మిగులుతాయని రోజూ సగమే వేసుకుంటున్నాడు.

ఓపీలో నిద్ర ఎలా ఉందంటారు, ఆకలి ఎలా ఉందంటారు. అప్పులున్నాయా అని కూడా అడగండి సార్. అడిగి, చికిత్సలో ఉన్నాడని ఒక కాగితం రాసివ్వండి. ఆ కాగితం చూపిస్తే బ్యాంకైనా యాప్ అయినా మూడు నెలలు ఫోన్ చెయ్యకూడదని, వడ్డీ వెయ్యకూడదని రిజర్వ్ బ్యాంకు ఒక్క ఉత్తర్వు ఇవ్వాలి. నేను అడిగేది ఇంతే. ఇప్పుడు అన్నయ్య బిళ్లలు వదినే తన చేత్తో ఇస్తోంది, వేసుకునేదాకా పక్కనే నిలబడుతోంది. ఫోన్ ఇంకా క్యారేజీ సంచిలోనే ఉంది.