కాదనడం తెలియని డిక్కీ గారికి

మహారాజశ్రీ మా చిన్న కారు డిక్కీ గారి దివ్యసముఖమునకు,

గుంటూరు బ్రాడీపేట నాలుగో లైను మాజీ నివాసి, ప్రస్తుతం విజయవాడ పటమటలో నడుము పట్టేసి మంచం మీద బోర్లా పడుకుని ఉన్న మీ యజమాని నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. నేను కుశలంగా లేను. మీరూ లేరని నిన్న ఆటోనగర్ మెకానిక్కు చెప్పాడు. అయినా ఉత్తరమన్నాక అలా మొదలుపెట్టాలి కాబట్టి రాశాను.

శ్రావణం రాగానే ఇల్లు మారాలని అనుకోవడం నా మొదటి తప్పు. ఆషాఢమంతా గుమ్మం దాటని జనం, శ్రావణంలో మంచి రోజు చూసుకుని ఒకేసారి సామాన్లు నెత్తికెత్తుకుంటారు. వ్యాను అతనికి ఈ సంగతి పంచాంగకర్త కంటే బాగా తెలుసు. 4,500 రూపాయలు అడిగాడు, ఎక్కించి దించే ఇద్దరు మనుషులతో సహా. గుంటూరు నుంచి విజయవాడ ఎంత దూరమని? 35 కిలోమీటర్లు! ‘మన కారు ఉండగా వ్యాను ఎందుకు? నాలుగు ట్రిప్పులు వేస్తే అయిపోతుంది’ అన్నాను. ఆ మాట అన్నప్పుడు తమరు వాకిట్లో నోరు తెరుచుకుని ఉన్నారు. ఒక్క మాట అడ్డు చెప్పలేదు.

మొదటి ట్రిప్పు గురించి నాకు ఫిర్యాదు లేదు. తెల్లవారుజామున పాలు పొంగించడానికి అమ్మను, పాలగిన్నెను, బియ్యం, ఉప్పు, పసుపు, కుంకుమ ఉన్న బుట్టను తీసుకెళ్లాం. వేంకటేశ్వరస్వామి పటాన్ని ముందు సీటులో కూర్చోబెట్టి బెల్టు పెట్టాను. ఆ రోజు రాత్రి దాకా నా పక్క సీటులో బెల్టు పెట్టుకుని ప్రయాణించింది ఆ స్వామి ఒక్కడే. తర్వాత అదే సీటులో కూర్చున్న మా బావమరిదికి ‘సిటీ దాటాక పెట్టుకుంటా బావా’ అనే సిద్ధాంతం ఉంది. సిటీ దాటాక ఆ సిద్ధాంతం ‘సిటీ వచ్చేసింది కదా బావా’గా మారుతుంది.

రెండో ట్రిప్పులో పుస్తకాలు. తమరి కడుపు 177 లీటర్లని కారు కొన్నప్పుడు ఇచ్చిన కాగితంలో అచ్చు వేశారు. పాల క్యానును కొలిచినట్టు కొలవడంలోనే ఉంది అసలు మోసం. 177 లీటర్ల దిళ్లు పెడితే అయిదారు కిలోలు. అంతే చోటులో పుస్తకాలు కుక్కితే వంద కిలోలు దాటుతాయి. తమరికి రెండూ ఒకటే. మూత పడిందా, లేదా? పడితే చాలు. మూత కింద ఎంత బరువుందో స్ప్రింగులను అడగాలి, టైర్లను అడగాలి. అవి చెప్పే భాష నాకు చినకాకాని దాకా అర్థం కాలేదు.

చినకాకానిలో వెనక ఎడమ టైరు పేలింది.

ఇక తమరు, మీరు అనడం నా వల్ల కాదు. ఒరేయ్ డిక్కీ, స్టెప్నీ ఎక్కడుందిరా? నీ అడుగున. దాని మీద వంద కిలోల పుస్తకాలు, వాటి మీద ఇత్తడి గిన్నెలు, వాటి మీద వంటింటి డబ్బాలు, ఆ డబ్బాల సందుల్లో మా ఆవిడ ఎంతో నేర్పుగా దోపిన గరిటెలు. జాకీ కూడా అక్కడే. టైరు మార్చాలంటే అన్నీ దించాలి. దించాం. 16వ నంబరు జాతీయ రహదారి పక్కన, అటు చెన్నై నుంచి ఇటు కోల్‌కతా దాకా పోయే లారీలన్నీ చూస్తుండగా, పదిహేనేళ్ల కాపురాన్ని వరసగా పేర్చాం. సంసారం రోడ్డున పడటం అంటే ఏమిటో అంతవరకూ నాకు తెలియదు.

అంతలో ఒకాయన స్కూటరు ఆపి, దిగి, అంతా ఒకసారి కలయజూసి, పప్పుగుత్తి చేతిలోకి తీసుకుని ‘ఎంత?’ అన్నాడు. మా బావమరిది ‘యాభై’ అన్నాడు. వాడికి ఎక్కడ ఏ తెలివి పని చేస్తుందో తెలియదు. మా ఆవిడ పప్పుగుత్తి లాక్కునే లోపు ఆయన ముప్పైకి బేరం ఆడేశాడు కూడా.

టైరు మార్చాక ఊపిరి తీసుకుంటూ ఆ పేలిన టైరు పక్కన రాసినది చదివాను. కొలతల తర్వాత 74 అని చిన్న అంకె ఉంది. సరైన గాలి ఉంటే ఒక్కో టైరు 375 కిలోలు మోస్తుందని దాని అర్థమట. ఆ ‘సరైన గాలి’ ఎంతో డ్రైవరు తలుపు తీస్తే కనిపించే చీటీ మీద ఉంది. ఇద్దరు కూర్చుంటే ఒక లెక్క, బండి నిండితే ఇంకో లెక్క. ఎనిమిదేళ్లుగా రోజూ ఆ తలుపు తీస్తున్నాను. ఆ చీటీని ఏదో గ్యారంటీ కాగితం అనుకున్నాను. గాలి తక్కువైన టైరు మీద బరువు పడితే దాని పక్క గోడలు నలిగి వేడెక్కుతాయి, శ్రావణమాసపు ఎండలో ఇంకా త్వరగా. పేలక ఏం చేస్తుంది పాపం?

మూడో ట్రిప్పు పరుపు. ఇందులో నీ తప్పు తక్కువే. అది నీలో పట్టదని నాకే తెలుసు కనుక నీ అన్నగారిని, అంటే కారు పైకప్పును ఆశ్రయించాను. నాలుగు అడుగుల వెడల్పు, ఆరు అడుగుల పొడవు. నైలాన్ తాడును కిటికీల గుండా లోపలికి తీసుకుని, పరుపు మీదుగా రెండు చుట్లు తిప్పి, ముడి వేశాక మా బావమరిది చేతులు దులుపుకుని ‘విమానం వచ్చినా ఊడదు’ అన్నాడు. నిజమే, తలుపులు కూడా ఊడలేదు. నాలుగూ కట్టేసి ఉన్నాయి. యాభై దగ్గరపడిన నేను, బ్రాడీపేట నాలుగో లైను మొత్తం చూస్తుండగా, డ్రైవరు సీటులోకి కిటికీలోంచి తలదూర్చి దిగాను. ఈ నడుము నొప్పి పుట్టుక అక్కడే.

పెదకాకాని దాటి వేగం అందుకున్నాక పైన బూఁ అని మోత మొదలైంది. పరుపు ముందు అంచు మెల్లగా పైకి లేస్తోంది. ‘నేను పట్టుకున్నాలే బావా’ అని బావమరిది కిటికీలోంచి చెయ్యి బయటికి చాచి, పరుపు అంచు మీద అయిదు వేళ్లు ఆన్చాడు. ఈ దేశంలో పరుపు మోసుకెళ్లే ప్రతి కారుకీ అలాంటి చెయ్యి ఒకటి ఉంటుంది. దాని బలం మీద అందరికీ అపారమైన నమ్మకం. ఇంటికి వచ్చాక మా అబ్బాయి చేత లెక్క కట్టించాను. 80 కిలోమీటర్ల వేగంలో అంత పరుపు గాలికి అడ్డంగా లేస్తే దాని మీద పడే బలం దాదాపు 65 కిలోల బరువంత. మా బావమరిది, బూట్లతో సహా, 62. అంటే అసలు పోటీ పెడితే పరుపు గెలుస్తుంది, వాడు గాలిపటం తోకలా వెనక వస్తాడు. వేగం సగానికి తగ్గిస్తే ఆ బలం సగం అవదు, నాలుగో వంతు అవుతుంది. అందుకే 40కి దిగగానే మోత ఆగింది.

ఆగింది కాబట్టి అంతా బాగుందనుకున్నాం. కాజ టోలు గేటు దగ్గర బ్రేకు వేశాను. కారు ఆగింది, పరుపు ఆగలేదు. మేము కట్టిందంతా అడ్డంగా. ముందుకూ వెనక్కీ జారకుండా ఒక్క తాడూ లేదు. పరుపు నింపాదిగా జారి, ముందు అద్దం మీద నాటకం తెరలా దిగింది. లోపల చీకటి. వైపరు ఒకటి ఫట్‌మని విరిగింది. దిగి తీద్దామంటే తలుపులు రావు. వెనక బస్సు వాడు హారన్ మోగిస్తున్నాడు. టోలు గేటులోని కుర్రవాడు వచ్చి పరుపు అంచు ఎత్తి, లోపలికి తొంగిచూసి, ‘బానే ఉన్నారా సార్?’ అన్నాడు. పడుకున్నవాళ్లను దుప్పటి ఎత్తి లేపినట్టుంది. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలో హద్దు దాటి బయటికి పొడుచుకొచ్చే సామానుకు 20,000 రూపాయల జరిమానా ఉందని మా బావమరిది అప్పుడు, ఆ చీకట్లో, తీరిగ్గా చెప్పాడు. ముందే ఎందుకు చెప్పలేదురా అంటే, నువ్వు అడగలేదు కదా బావా అన్నాడు.

గ్యాసు సిలిండరును కూడా నీ పాలే చేద్దామనుకున్నాను, పడుకోబెట్టి. మా ఆవిడ ‘అది ఎక్కితే నేను దిగుతాను’ అంది. ఆమె మాటే నిజం. పడుకోబెడితే ఆవిరి ఉండాల్సిన మూతి దగ్గరికి ద్రవం చేరుతుంది. కారితే ఆ గ్యాసు గాలి కంటే బరువు, పైకి పోదు, కారు అడుగునే కూర్చుంటుంది. ఏజెన్సీలో సిలిండరు, రెగ్యులేటరు అప్పగించి కాగితం రాయించుకోవడానికి పట్టింది అరగంట.

ఇక నాలుగో ట్రిప్పు. రాత్రి ఎనిమిది. నీలో గ్రైండరు, ఇనప పెట్టె, వాటి పక్కన అమ్మ సన్నికల్లు. ఏతం మాను మీద మనిషి వెనక్కి నడిస్తే ముందు బాన పైకి లేచినట్టు, వెనక ఇరుసు అవతల నువ్వు మోసిన బరువుకు బండి ముక్కు లేచింది. హెడ్‌లైట్లు రోడ్డు వదిలి తాడేపల్లి చెట్ల మీద కాకి గూళ్లు చూపించాయి. ఎదురుగా వచ్చే ప్రతివాడూ లైట్లు కొట్టి తిట్టాడు. మన బండిని లాగేవీ తిప్పేవీ ముందు చక్రాలే. అవే తేలిపోతుంటే స్టీరింగు వెన్నలా తిరిగింది. ఎంత హాయిగా ఉందో అని నేను సంబరపడ్డాను కూడా!

అంతలో కుక్క అడ్డం వచ్చింది. బ్రేకు వేశాను. సన్నికల్లు నీ దగ్గరే ఉంది గానీ దాని జంట పొత్రం, చోటు చాలక వెనక సీటు మీద దిండుపై పడుకోబెట్టిన పొత్రం, లేచి, మా ఇద్దరి భుజాల మధ్య నుంచి వచ్చి హ్యాండ్ బ్రేకు పక్కన కూర్చుంది. ఒక్క జానెడు ఇటు అయి ఉంటే ఈ ఉత్తరం ఇంకెవరో రాసేవారు. 50 కిలోమీటర్ల వేగంలో బండి దేనికైనా గుద్దుకుంటే లోపల కట్టని రాయి అదే వేగంతో ముందుకు వస్తుంది. మూడో అంతస్తు మీంచి రాయి పడితే నేలను ఎంత వేగంతో తాకుతుందో, అంత. బావమరిది ఏమీ మాట్లాడలేదు. వారధి ఎక్కే ముందు ‘క్లిక్’ అని చప్పుడు వినిపించింది. చూస్తే, బెల్టు.

లెక్క మా ఆవిడ క్యాలెండరు వెనక రాసింది. పెట్రోలు 1,700. టైరు 2,900. అప్పటికే వ్యానును వంద రూపాయలు దాటేశాం. టోలు, వైపరు, నా నడుముకు పూసే నూనె, బావమరిదికి బిర్యానీ ఆమె ఇంకా కలపలేదు. వ్యాను, అదే 2005లో రోడ్డెక్కిన ఆ చిన్న ఏనుగు, టాటా ఏస్, ముప్పావు టన్ను దాకా ఒక్కసారే మోస్తుంది. మా ఇల్లంతా అందులో ఒకటిన్నర గంటలో వచ్చేసేది.

కాబట్టి డిక్కీ గారూ (కోపం కొంత తగ్గింది), ఇకపై తమరు దిళ్లు, దుప్పట్లు, బట్టల మూటలు మోస్తే చాలు. పుస్తకాల పెట్టె తప్పనిసరైతే ముందు సీట్ల వెనక, నేల మీద పెడతాను, సగమే నింపుతాను. ఆవకాయ జాడీ మాత్రం అమ్మ కాళ్ల మధ్యే ప్రయాణిస్తుంది. ఆ విషయంలో మొన్న కూడా ఎవరూ తప్పు చేయలేదు.

ఇట్లు,
తమరి విధేయుడు

తా.క.: పొత్రం కనిపించడం లేదు. ఆ రాత్రి మా బావమరిది దాన్ని భద్రంగా తీసి నీలోనే ఎక్కడో పెట్టానంటున్నాడు. నీలో ఇంకా దించని అట్టపెట్టెలు మూడు ఉన్నాయి. వారధి ఎక్కుతుంటే ఏదో వెనక్కి, దిగుతుంటే ముందుకు దొర్లుతున్న చప్పుడు వస్తోంది. పచ్చడి ఎప్పుడు నూరాలని అమ్మ రోజూ అడుగుతోంది.