‘గుడ్’ అంటే ఎంత చెడ్డమాటో

ప్రతి ఏడాదీ బ్యాంకు ప్రమోషన్ల లిస్టు వచ్చిన సాయంత్రం బెజవాడలో రెండు సభలు జరుగుతాయి. మొదటిది లిస్టులో పేరున్నవాళ్లది. అక్కడ స్వీట్లుంటాయి, ‘కష్టపడితే ఫలితం ఎక్కడికి పోతుందండీ’ అన్న మాట వినిపిస్తుంది. రెండోది పేరు లేనివాళ్లది. గవర్నరుపేటలో ఏ టీ కొట్టు దగ్గరైనా జరుగుతుంది. అక్కడ స్వీట్లుండవు గానీ న్యాయశాస్త్రం పొంగి పొర్లుతుంది. నిన్నటిదాకా గోల్డ్ లోన్ వడ్డీ తప్ప మరొకటి పట్టని మనిషి, రెండో టీ అయ్యేసరికి రాజ్యాంగంలో సమానత్వం గురించిన 14, 16 అధికరణలు గడగడా అప్పజెబుతాడు. మూడో టీకి, హైకోర్టు తలుపు తట్టడానికి పనికొచ్చే 226 కూడా వచ్చేస్తుంది.

నేను సర్వీసులో ఉండగా మొదటి సభకు రెండుసార్లు, రెండో సభకు ఐదుసార్లు హాజరయ్యాను. కాబట్టి ఈ విషయంలో నిష్పక్షపాతంగా మాట్లాడే అర్హత నాకుందని మనవి. బ్యాంకు ప్రమోషన్ పరీక్షల్లో వివక్ష ఉందనడం శుద్ధ అబద్ధం. నేను పాసైన రెండేళ్లూ అయితే అసలే లేదు.

తెలియనివాళ్ల కోసం పద్ధతి చెబుతాను. ఆఫీసరుగా చేరితే స్కేల్ వన్. అక్కడి నుంచి స్కేల్ సెవెన్, కొన్నిచోట్ల ఆ పైన కూడా మెట్లున్నాయి. మెట్టు ఎక్కాలంటే బ్యాంకును బట్టి, స్కేలును బట్టి రాతపరీక్ష, ఇంటర్వ్యూ, పై అధికారి ఏటా రాసే అప్రైజల్, వీటి మార్కులు కలుపుతారు. రాతపరీక్షను కంప్యూటర్ దిద్దుతుంది. పాపం దానికి మన ఊరు తెలీదు, కులం తెలీదు, ఏ యూనియన్‌కు చందా కడుతున్నామో తెలీదు. ఆ లోటు పూడ్చడానికే ఇంటర్వ్యూ పెట్టారు.

రాతపరీక్ష హిందీలోనూ, ఇంగ్లీషులోనూ ఉంటుంది. పొద్దుటి నుంచి కౌంటర్లో కృష్ణలంక ఖాతాదారుల చేత అచ్చతెలుగులో తిట్లు తిన్న మనిషి, ఆ తిట్లలో ఒక్కటీ పనికిరాని భాషలో జవాబులు గుర్తించాలి. హిందీవాడు మాత్రం ఇంట్లో మాట్లాడే భాషలోనే రాయొచ్చు. ఇద్దరికీ పేపరు ఒక్కటే, టైము ఒక్కటే. 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు బందరులో ఆంధ్రా బ్యాంకు పెట్టినప్పుడు ఇలాంటి పేపర్లు ఏ భాషలో ఉండాలో ఆలోచించి ఉండరు. 2020 ఏప్రిల్ 1న ఆ బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసి పేరే పోయింది కాబట్టి, ఇప్పుడు మనకూ ఆలోచించే పని లేదు.

ఇక ఇంటర్వ్యూ. నా మూడో ప్రయత్నంలో బోర్డువారు ఎస్‌ఎల్‌ఆర్, అంటే డిపాజిట్లలో ప్రభుత్వ బాండ్లు వగైరాగా బ్యాంకు ఉంచుకోవాల్సిన వాటా, ఎంత అన్నారు, చెప్పాను. రిజర్వు బ్యాంకు బ్యాంకులకు అప్పిచ్చే వడ్డీ, అదే రెపో రేటు, అడిగారు, చెప్పాను. మా బ్రాంచిలో జీరో బ్యాలెన్స్ ఖాతాలు ఎన్ని నిద్రపోతున్నాయో అడిగారు, అదీ లెక్కతో సహా చెప్పాను. నా తర్వాత లోపలికెళ్లిన కుర్రాడు రెండు నిమిషాల్లో బయటికొచ్చి, ‘మామయ్యగారు బాగున్నారా అన్నారండీ, బాగున్నారని చెప్పాను’ అన్నాడు. లిస్టులో అతని పేరుంది, నా పేరు లేదు. రాత్రంతా ఆలోచిస్తే అదే న్యాయమనిపించింది. నాకు మూడు ప్రశ్నలు, మూడు సరైన జవాబులు, అంటే నూటికి నూరు. అతనికి ఒక ప్రశ్న, ఒక సరైన జవాబు, అదీ నూటికి నూరే. మార్కులు సమానమైనప్పుడు బోర్డు మాత్రం ఏం చేస్తుంది? మామయ్యగారి ఆరోగ్యం చూడక తప్పదు. నా అభ్యంతరమల్లా ఒక్కటే. దరఖాస్తులో ఆ గడి లేదు. ఉంటే మా మామయ్యగారి బీపీ, షుగరు రిపోర్టులు నేనూ జతచేసేవాణ్ణి.

కోర్టుకు వెళ్లొచ్చుగా అంటారు. వెళ్లొచ్చు. ఇంటర్వ్యూకు మూడో వంతు మార్కులు పెట్టడం చెల్లదని, 15 శాతం దాటకూడదని 1981లో అజయ్ హాసియా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. టీ కొట్టు సభలో ఈ తీర్పుకు చప్పట్లు పడతాయి. కానీ అది కాలేజీలో సీట్ల గొడవ. వయసొచ్చి, అనుభవం గడించిన ఉద్యోగుల విషయంలో ఇంటర్వ్యూకు ఎక్కువ మార్కులున్నా పరవాలేదని అదే కోర్టు వేరే తీర్పుల్లో అంది. మన లాయరు మొదటిది చదువుతాడు, బ్యాంకు లాయరు రెండోది చదువుతాడు.

ఆయన దగ్గర ఇంకో అస్త్రం కూడా ఉంటుంది. 1995 నాటి మదన్ లాల్ కేసు. ఏ పేచీ పెట్టకుండా ఇంటర్వ్యూకు హాజరై, ఫలితం బాగాలేదని తెలిశాక పద్ధతే బాగాలేదంటే కుదరదని దాని సారాంశం. అంటే టై బిగించుకుని లోపలికెళ్లే ముందే ‘అయ్యా, తమరు జరపబోయే ఈ ఇంటర్వ్యూ అన్యాయం’ అని కాగితం ఇచ్చి, ఆ తర్వాత నవ్వుతూ కుర్చీలో కూర్చోవాలి. ఆ కాగితం అందుకున్న బోర్డు ఎన్ని మార్కులు వేస్తుందో చెప్పడానికి రెపో రేటు తెలియక్కర్లేదు.

అప్రైజల్ కథ వీటన్నిటికన్నా రుచి. దేవ్ దత్ అని సరిహద్దు రోడ్ల విభాగంలో ఇంజనీరు. ప్రమోషన్‌కు వరసగా ఐదేళ్లు ‘వెరీ గుడ్’ ఉండాలి. ఒక ఏడాది పై అధికారి ‘గుడ్’ అని రాశాడు, ఆ సంగతి ఆయనకు చెప్పలేదు. తిట్టలేదు కదా, చెప్పడమెందుకు అనుకున్నారు కాబోలు. ఆ ఒక్క మంచి మాటతో ప్రమోషన్ పోయింది. ఆయన పరిస్థితిలో ‘గుడ్’ అనేది చెడ్డమాటేనని, ఏ గ్రేడు ఇచ్చినా ఉద్యోగికి తెలియజేయాల్సిందేనని 2008లో సుప్రీంకోర్టు తేల్చింది. అప్పటికి ఆయన రిటైరయ్యాడు. గ్రేడు పెరిగితే పెన్షన్‌కైనా పనికొస్తుందని కోర్టు ఓదార్చింది.

ఇప్పుడు గ్రేడు కంప్యూటర్ తెరమీదే కనబడుతుంది. మార్కు వేసే చెయ్యి మాత్రం పాతదే. గుంటూరు మిర్చి యార్డుకు వచ్చిన రైతుకు కోల్డ్ స్టోరేజీ బాండు మీద అప్పిచ్చిన మేనేజరు ‘గుడ్’. అదే రైతుకు అదే కౌంటర్లో అర్థంకాని బీమా పాలసీ ఒకటి అంటగట్టినవాడు ‘ఎక్సలెంట్’. ఇందులోనూ వివక్ష లేదు. పాలసీ ఎవరికైనా అంటగట్టొచ్చు.

సీనియారిటీ తగాదా గురించి ఎక్కువ చెప్పను, నా వయసు బయటపడుతుంది. గ్రామీణ బ్యాంకుల కేసులో 1998లోనే సుప్రీంకోర్టు వివరించింది: సీనియారిటీ కమ్ మెరిట్ అంటే కనీస యోగ్యత దాటినవాళ్లలో సీనియర్‌కే పెద్దపీట. మెరిట్ కమ్ సీనియారిటీ అంటే పీట మెరిట్‌కు. నలభై ఏళ్ల లోపు నేను రెండో సిద్ధాంతానికి ప్రాణమిచ్చాను. యాభై దాటాక మొదటిదే ధర్మమని తెలిసొచ్చింది.

ఒక్క మేలు మాత్రం జరిగింది. 2019లో హైకోర్టు అమరావతిలోని నేలపాడుకు వచ్చింది. ఇదివరకు వాయిదా అంటే హైదరాబాదు రైలెక్కాలి, సెలవు పెట్టాలి. ఇప్పుడు రిజిస్టర్లో ‘కస్టమర్ విజిట్’ అని రాసి, బ్యారేజీ దాటి వెళ్లి, కేసు వాయిదా పడిందని తెలుసుకుని, లంచ్ అయ్యేలోగా సీట్లో కూర్చోవచ్చు.

బ్రాడీపేటలో ఉండే మా జూనియర్ అలా నాలుగేళ్లు తిరిగాడు. ప్రమోషన్ హక్కు కాదు, పరిశీలించమని అడగడమే హక్కు అని చెప్పి, అతని కేసు మళ్లీ పరిశీలించమని కోర్టు బ్యాంకును ఆదేశించింది. బ్యాంకు పరిశీలించింది, ప్రమోషన్ ఇచ్చింది, దాంతోపాటే దిబ్రూగఢ్‌కు పోస్టింగూ ఇచ్చింది. ఆర్డరు చేతికొచ్చిన రాత్రి ఫోన్ చేశాడు.

‘గురువుగారూ, లిస్టులో మిగతావాళ్లంతా మంగళగిరి, తెనాలి. నాకొక్కడికే అస్సాం. ఇది 14వ అధికరణ కిందికి రాదంటారా?’

‘అబ్బాయీ, పోనీ ప్రమోషన్ వద్దని రాసివ్వకపోయావా?’ అన్నాను.

‘అదే అడుగుదామని. అలా రాసిస్తే ఈ ఏడాది అప్రైజల్ ఏం వేస్తారంటారు?’

‘గుడ్ వేస్తారు’ అన్నాను.