మా ఆయన దిండు కింద కాపురమున్న ముక్కు చుక్కల సీసాకు

చెల్లీ,

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామంటే మా ఇంట్లో ఉభయమూ కుశలంగా ఉన్నదెప్పుడు? కుడి ముక్కు ఆడితే ఎడమది ఆడదు, ఎడమది ఆడితే కుడిది ఆడదు. చెల్లీ అన్నానని ఆశ్చర్యపోకు. మా ఆయన దిండు కింద చేరినదానివి, ఇంకే వరసతో పిలవను?

పెళ్లయిన కొత్తలో ఆయన నిద్రలో దిండు కింద చెయ్యి పెట్టి తడుముకుంటుంటే ఫోను కోసమేమో అనుకున్నాను. నువ్వని తెలిసేసరికే కారులో ఒకటి, ఆఫీసు బ్యాగులో ఒకటి, దేవుడి గూట్లో అగ్గిపెట్టె వెనక ఒకటి, ఎక్కడ చూసినా నీ కాపురాలే. ఒకసారి రాత్రి రైల్లో నువ్వు ఖాళీ అయ్యావు. విజయవాడలో బండి ఆగీ ఆగకముందే మనిషి దిగిపోయి మందుల షాపు కోసం పరుగు. నేను తప్పిపోయినా అంత కంగారు పడరు.

నీ పనితనాన్ని కాదనను. జైలోమెటాజోలిన్ అని నీ పేరు, ఆక్సీమెటాజోలిన్ అని నీకో తోబుట్టువు. ముక్కు దిబ్బడంటే లోపల చీమిడి పేరుకుపోవడమని మా ఇంట్లో అందరి నమ్మకం. అందుకే ఆయన వీధి చివరి దాకా వినిపించేలా చీదుతారు, ఏమీ రాదు. ముక్కు లోపల రెండు పక్కల గోడలకూ మూడేసి మడతలుంటాయి, వాటిని టర్బినేట్లంటారు. వాటి నిండా రక్తనాళాలే. వాటిలో రక్తం నిండితే అవి ఉబ్బి దారి మూస్తాయి. ఉబ్బిన గోడను ఎంత చీదితే మాత్రం బయటికొస్తుంది? నువ్వు వెళ్లి ఆ నాళాలను బిగదీస్తావు. నిమిషాల్లో దారి తెరుచుకుంటుంది, ఎనిమిది పది గంటలు అలాగే ఉంటుంది. ఇంతవరకూ నువ్వు దేవతవే.

అసలు కథ నాలుగైదు రోజులు దాటాక మొదలవుతుంది. నాళాలు నీకు అలవాటుపడతాయి. ఎనిమిది గంటల పని నాలుగు గంటలకు, నాలుగు గంటల పని రెండు గంటలకు దిగుతుంది. నువ్వు పక్కకు తప్పుకోగానే అవి మునుపటికంటే ఎక్కువ ఉబ్బుతాయి. ఆ దిబ్బడ పోవాలంటే మళ్లీ నువ్వే రావాలి. తాళం వేసేదీ నువ్వే, తాళం చెవి అమ్మేదీ నువ్వే. డాక్టర్లు దీనికి రైనైటిస్ మెడికమెంటోసా అని పెద్ద పేరే పెట్టారు. అర్థం మాత్రం చిన్నది: మందే తెచ్చిన జబ్బు. కొన్ని రోజులకు మించి వాడొద్దని నీ అట్టపెట్టె మీద రాసే ఉంటుంది, చీమకు కళ్లద్దాలు పెట్టి చదివించాల్సినంత అక్షరాల్లో. మందుల షాపు కుర్రాడైతే ఆయన మెట్లెక్కుతుండగానే రెండు తీసి బల్ల మీద పెడతాడు. నోరు తెరిచి అడిగే అవసరం ఎప్పుడూ రాలేదు.

నీకు పోటీగా మా ఇంట్లో వాళ్లూ రంగంలోకి దిగారు. అత్తగారు వావిలాకు, పసుపు వేసి ఆవిరి పట్టించారు. ఆవిరికి కాసేపు హాయిగా ఉంటుంది, అంతవరకే. మావయ్యగారిది అమృతాంజనం పార్టీ. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో మొదలుపెట్టిన మందు, మన తాతల కాలం నుంచీ ఇంట్లో మనిషి. అందులో ఘాటుగా ఉండే మెంథాల్ ముక్కులో దారిని వెడల్పు చేయదు. చల్లదనాన్ని పసిగట్టే నరాలను తట్టి లేపుతుంది, గాలి బాగా ఆడుతున్నట్టు మనకు అనిపిస్తుంది. అబద్ధమే, కానీ మర్యాదస్తురాలైన అబద్ధం. నీలాగా తెల్లారి వడ్డీ అడగదు.

నీ దూరపు చుట్టం ఫినైలెఫ్రిన్ సంగతి కూడా చెప్పాలి. మింగే జలుబు మాత్రల్లో ఉంటాడు. 2023 సెప్టెంబరులో అమెరికాలో మందులకు అనుమతులిచ్చే సంస్థ ఎఫ్‌డీఏ సలహా కమిటీలోని 16 మందీ, నోటి ద్వారా తీసుకుంటే ఇది ముక్కు దిబ్బడను తగ్గించదని ఒక్క మాట మీద తేల్చారు. మరుసటి ఏడాది నవంబరులో మాత్రల్లోంచి తీసేయాలని ఎఫ్‌డీఏ ప్రతిపాదించింది. మన షాపుల్లో మాత్రం దర్జాగా కూర్చునే ఉన్నాడు. మీ వంశంలో ఒకడు పని చేయడు, ఇంకొకతె చేసిన పని ఆపనివ్వదు.

చివరికి ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి ఈడ్చుకెళ్లాను. ఊళ్లో మా ఆయనకు ముక్కుసూటి మనిషని పేరు. సన్నటి కెమెరా గొట్టం పెట్టి చూస్తే ముక్కు దూలమే ఎడమకు వంగి ఉంది. (ఈ సంగతి పుట్టింట్లో మాత్రమే చెప్పాను.) దూలం వంకర చాలామందికి ఉంటుందట, అందరికీ ఆపరేషన్ అక్కర్లేదట. అసలు మూలం అలర్జీ అన్నారు డాక్టరు: దుమ్ములో బతికే, కంటికి కనపడని పురుగులు. మన ఒంటి నుంచి రాలిన చర్మపు పొట్టు తిని, పరుపుల్లో, దిండ్లలో పెరుగుతాయి. చూశావా, నీ పొరుగువాళ్లే! వాళ్లు పైన కూర్చుని ముక్కు మూయిస్తుంటే, నువ్వు కింద కూర్చుని తెరుస్తున్నావు. ఇప్పుడు దిండు గలీబులు, దుప్పట్లు వారం వారం బాగా వేడినీళ్లలో ఉతుకుతున్నాను. ఆ చాకిరీ కూడా నీ ఖాతాలోనే.

డాక్టరు చెప్పిన ఇంకో మాటకు నాకు నవ్వు ఆగలేదు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకీ కొన్ని గంటలకోసారి ఒక పక్క కాస్త మూసుకుని రెండో పక్క తెరుచుకుంటుందట. 1895లో రిచర్డ్ కైజర్ అనే జర్మన్ వైద్యుడు దీన్ని రాసిపెట్టాడు. ఇదే సంగతిని సూర్యనాడి, చంద్రనాడి, స్వరం మారడం అంటూ మా తాతయ్య అరుగు మీద కూర్చుని చెప్పేవాడు, మేం చాటుగా నవ్వేవాళ్లం. పక్కకు తిరిగి పడుకుంటే కింది వైపు ముక్కు బిగుసుకోవడమూ మామూలే. అంటే ఇన్నేళ్లూ మా ఆయన అర్ధరాత్రి లేచి సగం సార్లు ఏ జబ్బూ లేని ముక్కుకు నిన్ను పోశారన్నమాట!

ఇక నీ స్థానంలోకి వచ్చినావిడ గురించి. ముక్కులో కొట్టుకునే స్టెరాయిడ్ స్ప్రే, ఫ్లూటికాసోన్. స్టెరాయిడ్ అనగానే అత్తగారు గుండె పట్టుకున్నారు. ముక్కులో కొట్టుకునేది రక్తంలోకి చాలా కొద్దిగానే చేరుతుందని చెప్పేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. ఈవిడది పక్కా గవర్నమెంటు ఆఫీసు నడక. మొదటి కొద్ది రోజులు ఫైలు కదలదు, పూర్తి ఫలం కనపడటానికి రెండు వారాలైనా పట్టొచ్చు. రోజూ వెళ్లి దండం పెట్టుకోవాల్సిందే. పద్ధతులు కూడా ఎక్కువే: తల కొంచెం వంచాలి, కుడి చేత్తో ఎడమ ముక్కులో కొట్టాలి, మొన దూలం వైపు కాకుండా చెవి వైపు తిప్పాలి, గట్టిగా పీల్చకూడదు. దానికి ముందు ఉప్పునీళ్లతో ముక్కు కడగాలి. ఆ నీళ్లు మరిగించి చల్లార్చినవే కావాలి. కుళాయి నీళ్లు తిన్నగా పోస్తే మెదడును తినే అమీబా లోపలికి వెళ్లే ప్రమాదం అరుదుగానైనా ఉంది.

నిన్ను ఒక్కసారే గెంటేయలేదు. డాక్టరు సలహా మీద ముందు కుడి ముక్కుకు మాన్పించాం, ఎడమది కొన్నాళ్లు నీకే వదిలాం. కుడిది దారికొచ్చాక ఎడమది. మధ్యలో ఆయన మంచం మీద కూర్చుని నోటితో గాలి పీలుస్తూ, నువ్వు లేకపోతే ఛస్తానని అన్నారు. ఆ డైలాగు నాకెప్పుడూ చెప్పలేదు సుమా!

జలుబు ముదిరిన రోజుల్లో మూడు రోజుల పేరంటానికి రా, కాదనను. నాలుగో రోజు నీ సంచీ నేనే సర్దుతాను.

ఇట్లు,
నీ అక్క

తా.క.: నిన్న మా అత్తగారు తన బీపీ మాత్రల డబ్బా పక్కన నిన్ను పెట్టుకుని, "అబ్బాయి మానేశాడుగా, పారేయడం దేనికి, నేను వాడుకుంటా" అన్నారు. రక్తపోటున్నవాళ్లు డాక్టరును అడగకుండా నీ జోలికి రాకూడదని చెప్పి లాక్కున్నాను. ఆవిడ అప్పటి నుంచి నాతో మాట్లాడటం లేదు.