పెద్దాయన వేలు

2024 మే 13న మా వార్డులో పోలింగ్ పెట్టిన స్కూలు గేటు దగ్గరే కానిస్టేబుల్ ఖండితంగా చెప్పేశారు: సెల్‌ఫోన్ లోపలికి తేకూడదు. రూలంటే రూలే. ఫోన్లన్నీ ఎదురుగా ఉన్న కిళ్ళీ కొట్టువాడికి అప్పగించి, ఓటరు స్లిప్పులు పట్టుకుని లైన్లో నిలబడ్డాం. విశాఖలో మే నెల ఉక్కపోత గురించి మీకు వేరే చెప్పాలా!

అప్పుడు వేంచేశారు పెద్దాయన, వెనకాల కెమెరాల దండుతో. కెమెరా సెల్‌ఫోన్ కాదు గనక, పైగా పాసులున్నాయి గనక, దండు నేరుగా లోపలికి నడిచింది. లైను ఆగింది.

మొదటి అధికారి జాబితాలో పేరు వెతికి బిగ్గరగా చదివారు, ఆయనెవరో ఏజెంట్లకు తెలియనట్టు! రెండో అధికారి రిజిస్టర్లో సంతకం పెట్టించి, ఎడమ చూపుడు వేలికి సిరా రాయబోయారు. "ఆగండి సార్, అలాగే ఉంచండి!" అన్నాడో ఫొటోగ్రాఫరు. సిరా పుల్ల గాల్లోనే ఆగిపోయింది. ఇంకొకరికి వెలుతురు చాలలేదు. మరొకరికి అధికారి భుజం అడ్డొచ్చింది. భుజం పక్కకు జరిగింది.

అసెంబ్లీకొకటి, పార్లమెంటుకొకటి, రెండు బీప్‌లు కొట్టించి పెద్దాయన వరండాలోకొచ్చి వేలెత్తారు. కుడి చేతి వేలు! సిరా ఎడమ చేతికుంది సార్ అని గుర్తు చేశారు. చెయ్యి మార్చారు. నవ్వు సరిపోలేదు. నవ్వారు. మేడమ్ గారితో ఒకటి. మనవరాలితో ఒకటి. మన ఓటు ఎటు పడిందో చూసుకోమని వీవీప్యాట్ మనకిచ్చేది ఏడు సెకన్లు. ఆయన వేలుకి అలాంటి పరిమితులేమీ లేవు.

నా ముందున్న మామ్మ కంగారుపడింది. "ఏటి బాబూ, ఆయన ఏలికి దెబ్బ తగిలిందేటి? అందరూ అలా సూత్తన్నారు?"

మామ్మ ముందు తాపీ పనికి వెళ్ళే ఒక కూలీ అమ్మాయి. పదకొండింటికల్లా మధురవాడ సైటులో ఉండకపోతే రేపట్నుంచి రావద్దన్నాడట మేస్త్రీ. ప్రజాప్రాతినిధ్య చట్టం 135బి సెక్షన్ ప్రకారం పోలింగ్ రోజున జీతంతో సెలవివ్వాలి, రోజు కూలీకైనా సరే. ఇవ్వని యజమానికి జరిమానా ఎంతో తెలుసా? మహా అయితే 500 రూపాయలు! ఆ అమ్మాయి గుమ్మం దాకా వచ్చి, ఆ వేలు దిగే దాకా చూసి చూసి, ఓటు వేయకుండానే వెళ్ళిపోయింది. ఎండలో నిలబడ్డవాళ్ళ టైము ఎవడబ్బ సొమ్మయ్యా? ఆవిడదీ ఒక ఓటే, ఆయనదీ ఒక ఓటే కదా! ఆ మాట అనడానికి అక్కడున్న ఒక్క అధికారికీ నోరు పెగల్లేదు.

మర్నాడు పేపర్లో వేలు బాగా పడింది. రాష్ట్రమంతా 80 శాతం దాటితే మన నగరం మాత్రం వెనకబడిందని, పట్నంవాళ్ళకి బాధ్యత లేదని పెద్దాయన తెగ బాధపడ్డారు.

ఎన్నికల సంఘం వారికి ఒక విన్నపం. ఈసారి ఆర్కే బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ పక్కన ఒక సిరా సీసా పెట్టించండి. కావలసినవాళ్ళు కావలసినంతసేపు వేలెత్తుకుంటారు, వెనక సముద్రం కూడా పడుతుంది. ఓటు కూడా వేయాలనిపిస్తే లైన్లోకి రమ్మనండి, మామ్మ వెనక.