ముక్కు మీద పచ్చగీత

(సూర్యారావు హాల్లో మేకు కొట్టి, ఫ్రేము తగిలించి, మురిసిపోతూ చూసుకుంటున్నాడు. కామేశ్వరి గరిటెతో సహా వచ్చింది.)

కామేశ్వరి: ఎవరండీ ఈవిడ? ముక్కు మీద ఆ పచ్చగీతేమిటి, ఆకు పసరు పూశారా?

సూర్యారావు: ఫ్రెంచ్ చిత్రకారుడు మతీస్ 1905లో గీసిన బొమ్మే. అసలుది కోపెన్‌హాగెన్ మ్యూజియంలో ఉంది. ఈవిడ ఆయన భార్య, అమేలీ.

కామేశ్వరి: కట్టుకున్నదాన్నా ఇలా గీసింది!

సూర్యారావు: అదే ఏడు ఈవిణ్ణే టోపీతో గీసి పారిస్‌లో ప్రదర్శనకు పెడితే జనం పగలబడి నవ్వారు. ఈ బాపతు చిత్రకారుల్ని ఓ విమర్శకుడు అడవి మృగాలన్నాడు.

కామేశ్వరి: పాపం, ఆయనకీ పెళ్ళాం ఉండి ఉంటుంది.

సూర్యారావు: నీకు అర్థం కాదు గానీ విను. మామూలుగా అయితే మొహం సగం వెలుగు, సగం నీడ వేస్తారు. ఈయన ఆ పని రంగులకు అప్పజెప్పాడు. గీతకు ఇటు పసుపు, అటు గులాబీ. వెనకాల గోడ చూడు, ఓ పక్క ఆకుపచ్చ, ఇంకో పక్క నారింజ, ఊదా. ఒకదానికొకటి పడవు. మొహంలో ఏడుపూ లేదు, కోపమూ లేదు. టెన్షనంతా రంగుల్లోనే!

కామేశ్వరి: (దగ్గరికెళ్ళి) ఆ కనుబొమలు చూశారా, ఎంత లావుగా, నల్లగా ఉన్నాయో? పెదాలు బిగించింది. ఏదో అనబోయి మింగేసింది.

సూర్యారావు: నేను చెప్పిందీ అదే.

కామేశ్వరి: మీరు చెప్పింది గోడ గురించి. ఇంతకీ ఈవిడేం చేసేది?

సూర్యారావు: టోపీల కొట్టు. ఆయన బొమ్మలు అమ్ముడుపోని రోజుల్లో దానిమీదే ఇల్లు గడిచింది.

కామేశ్వరి: బాగుంది. సంపాదించేదీ ఆవిడే, కదలకుండా కూర్చునేదీ ఆవిడే!

సూర్యారావు: ఇదేం చూశావ్! 1913లో ఇంకో బొమ్మకి వందసార్లకు పైగా కూర్చోబెట్టాడు. తీరా చూస్తే మొహం బూడిదరంగు ముసుగులా వచ్చింది. చూసి ఏడ్చేసిందట.

కామేశ్వరి: ఏడవదూ మరి! ఆ తర్వాత?

సూర్యారావు: 1939లో విడిపోయారు. ఆయన దగ్గర పనిచేసే అమ్మాయి విషయంలో గొడవ.

కామేశ్వరి: ఆ ముక్క ముందు చెప్పకుండా ఇంతసేపూ నారింజ, ఊదా అంటారేమిటి?

సూర్యారావు: అది ముప్ఫై నాలుగేళ్ళ తర్వాతి మాటే! ఈ బొమ్మలో టెన్షన్‌కి కారణం రంగులే, రాసిస్తాను.

కామేశ్వరి: అయితే మన పెళ్ళి ఫోటో తీసి నా మొహం చూడండి. అది బ్లాక్ అండ్ వైటే.