మా వైపు స్టార్ రేటింగులు పనిచేయవండీ

ఊరు కాని ఊళ్లో రేటింగ్ నాలుగు దాటిన హోటల్‌లోనే తినమని మీ వ్యాసంలో రాశారు. విశాఖ, భువనేశ్వర్‌లలో అయితే సరే. విత్తనాల అమ్మకాలకు దక్షిణ ఒడిశాలో రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి తిరిగే నాలాంటివాడికి ఆ లెక్క కుదరదు. ఇక్కడ బాగా వండే మెస్సులు కొన్నింటికి బోర్డే ఉండదు, ఇక రేటింగ్ ఎక్కడిది?

నేనైతే మెడికల్ రెప్‌లను అడుగుతాను. రోజూ బయట తినే మనుషులు, ఎక్కడ కడుపు పాడవుతుందో వాళ్లకు బాగా తెలుసు. లాడ్జి కౌంటర్లో అడిగితే కింద ఉన్న సొంత రెస్టారెంటే చూపిస్తారు.

పొద్దున బండి మీద వడ, ఎండు బఠాణీల కూర ఘుగుని దొరుకుతాయి. మూకుడులో నూనె నల్లబడి నురగ కడుతుంటే ఆగను. మధ్యాహ్నం అన్నంలోకి దాల్మా. కందిపప్పులో అరటికాయ, గుమ్మడి, బొప్పాయి ముక్కలు ఉడికించి, పైన వేయించిన జీలకర్ర, ఎండుమిర్చి పొడి చల్లుతారు. పప్పుచారు అనుకుని పులుపు వెతక్కండి. రెండు దాటాక వెళ్తే మిగిలేది అడుగునున్న చిక్కటి ముద్దే (నాకు అదే ఇష్టం, అది వేరే సంగతి).

ఇంకోటి. ఒడియా కార్తీకం మనకంటే పక్షం ముందే మొదలై పౌర్ణమితో అయిపోతుంది. ఆ నెలలో చాలామంది నీచు ముట్టరు. పౌర్ణమి మర్నాడు ఛాడఖాయి, అంటే మళ్లీ నీచు మొదలుపెట్టే రోజు, మటన్ కొట్ల ముందు క్యూలు. మనకేమో ఇంకా సగం నెల మిగిలే ఉంటుంది. కార్తీకం పాటించేవాళ్లు ఆ రోజుకు టూర్ వేసుకోకపోవడమే మంచిది.