నడిరోడ్డు మీద పడవ ప్రయాణం

మా వీధి వాట్సాప్ గ్రూపులో నిన్న సాయంత్రం నుంచి ఒక వీడియో తిరుగుతోంది. అందులో నడిరోడ్డు మీద సుద్దముక్కతో గీసిన చిన్న గడిలో చేతులు కట్టుకుని బుద్ధిగా నిలబడ్డది నేనే. ఆ గడి టాయిలెట్టు. ఎవరో పంపిస్తే చూసి నవ్వుకునే బదులు అసలు సంగతి నా నోటితోనే వినండి, కనీసం ఇందులో మా బావ వాటా ఎంతో తెలుస్తుంది.

మేముండేది బర్మింగ్‌హామ్‌లో, కింగ్స్ నార్టన్ వైపు. మే ఆఖర్లో పిల్లలకి హాఫ్ టర్మ్ సెలవులు, అమ్మ అమలాపురం నుంచి వచ్చి ఉంది, అక్కావాళ్ళది పక్క వీధే. ఎక్కడికైనా వెళ్దాం అనుకుంటుంటే బావ నారోబోట్ అన్నాడు. ఇక్కడి కాలవల్లో తిరిగే సన్నటి ఇనప పడవలు అవి, లోపలే మంచాలు, పొయ్యి, బాత్రూమ్ అన్నీ ఉంటాయి, ఒకప్పుడు బొగ్గు మోసేవి, ఇప్పుడు మనలాంటి వాళ్ళని మోస్తున్నాయి. శుక్రవారం మధ్యాహ్నం తీసుకుంటే సోమవారం పొద్దున్న తొమ్మిదింటికల్లా తిరిగి అప్పజెప్పాలి. వెడల్పు ఏడడుగుల లోపే, ఎందుకంటే ఈ వైపు లాకులు, అంటే పడవని ఎత్తు నుంచి పల్లానికి, పల్లం నుంచి ఎత్తుకి చేర్చే నీటి గదులు, దాదాపు అన్నీ అప్పట్లో ఏడడుగులకే కట్టారు, పొడవు మాత్రం 70 అడుగుల దాకా పోనిచ్చారు. మేం ఎనిమిది మందిమి కాబట్టి మాకు పడింది 66 అడుగులది.

దీనికి లైసెన్సు అక్కర్లేదు. నిజం. కారు లైసెన్సు కోసం ఈ దేశం నన్ను ఎంత ఏడిపించిందో, అద్దంలోకి తల తిప్పి చూశావు గానీ సరిగ్గా చూడలేదు అని ఎన్ని మాటలందో, అదంతా అయ్యాక ఇప్పుడు టన్నుల కొద్దీ ఇనుముని కాసేపు ఎలా నడపాలో చూపించి తాళం చేతికిచ్చేస్తారట. పైగా బుకింగ్ ఫారంలో లైఫ్ జాకెట్ల కోసం అందరి బరువులూ అడిగారు. బావ తనది పెళ్ళినాటి బరువు రాసుకున్నాడు.

ఫోన్లో బుకింగ్ అమ్మాయి మంచి మాటే చెప్పింది పాపం. మీరు కొత్తవాళ్ళు, బర్మింగ్‌హామ్ వైపు వెళ్ళండి, దారిలో ఒక్క లాకు కూడా లేదు, రెండున్నర కిలోమీటర్ల సొరంగం ఒకటుంటుంది, పిల్లలకి భలే ఉంటుంది, బోర్న్‌విల్ చాక్లెట్ ఫ్యాక్టరీ పక్కనించి పోతుంది అని. అక్క మ్యాప్ తీసి చూసింది. ఆ కాలవ సరిగ్గా మా ఇంటి దగ్గర్నుంచే పోతుంది. అంటే కారులో అరగంట వెళ్ళి, వెయ్యి పౌండ్లు పైన కట్టి, పడవెక్కి మధ్యాహ్నమంతా ప్రయాణం చేసి మళ్ళీ మనింటికే రావాలన్నమాట. "ఆ డబ్బులేవో నాకిస్తే నేనే ఇంట్లో కూచోబెట్టి భోజనం పెడతాను కదా" అంది అక్క. ఇక్కడే ఆగిపోవాల్సింది. కానీ డిపాజిట్ అప్పటికే కట్టేశాడు బావ, అది వెనక్కి రాదట.

అందుకని ఎదురు దిక్కు, వూస్టర్ వైపు అన్నాడు. బావ ఐటీలో ప్రాజెక్ట్ మేనేజరు. మర్నాటికల్లా ఎక్సెల్ షీట్ వచ్చేసింది, ఆకుపచ్చ గళ్ళూ పసుపు గళ్ళూ. పడవ తీసుకునే టార్డెబిగ్ నుంచి వూస్టర్ 16 మైళ్ళు, పడవ స్పీడ్ లిమిట్ గంటకి 4 మైళ్ళు, కాబట్టి నాలుగ్గంటలు, సాయంత్రం టీ వూస్టర్ క్యాథెడ్రల్ దగ్గర.

"మధ్యలో లాకులెన్నున్నాయి అల్లుడుగారూ?" అంది అమ్మ.

"యాభై ఎనిమిదండీ అత్తయ్యగారూ, చిన్న చిన్నవే."

అమ్మ కళ్ళజోడు తీసి పక్కన పెట్టింది. కోనసీమలో పుట్టి పెరిగిన మనిషి, చిన్నప్పుడు కాలవ మీద పడవల్లో తిరిగిన మనిషి, లొల్ల లాకుల దగ్గర పడవ ఆగితే నీళ్ళు సమానమయ్యే దాకా గట్టు మీద కూచుని పులిహోర తినేసి ఇంకా ఎదురుచూసేవాళ్ళం అని చెప్పబోయింది. బావ "అది అప్పుడండీ" అన్నాడు. అసలు ఇక్కడ కథ ఇంకా కష్టం, లాకు తియ్యడానికి మనిషెవడూ ఉండడు, మనమే దిగాలి, పడవని గదిలాంటి ఆ గుంటలోకి తోలి, వెనక తలుపు మూసి, చేతిలో ఇనప హ్యాండిల్ తిప్పి నీళ్ళు వదిలి, పడవ కిందికి దిగాక ముందు తలుపు వీపుతో నెట్టి తియ్యాలి. టార్డెబిగ్ దగ్గరైతే రెండుంపావు మైళ్ళలో వరసగా 30 లాకులు, దేశంలో అంత పొడుగు వరస ఇంకోటి లేదు, 220 అడుగులు దిగుతుంది కాలవ. కాలవల మీద తిరిగేవాళ్ళ లెక్కేంటంటే మైళ్ళూ లాకులూ కూడి మూడుతో భాగిస్తే గంటలొస్తాయి. నేను భాగించాను. ఇంచుమించు పాతిక గంటలు, అదీ వెళ్ళడానికే. చీకటి పడ్డాక అద్దె పడవలు నడపకూడదు. ఈ సంగతి బావకి మెసేజ్ పెడితే "అది మామూలు వాళ్ళకి బామ్మర్దీ, మనం ఎనిమిది మంది రిసోర్సులం" అని జవాబు. అమ్మ కూడా రిసోర్సే ఆయన లెక్కలో.

రిసోర్సులుంటే డ్రై రన్ ఉండాలి కదా. నిన్న ఆదివారం పొద్దున్నే టేపు, పిల్లల సుద్దముక్కల డబ్బా, పడవ లేఅవుట్ ప్రింటవుట్ పట్టుకుని దిగాడు. మాది చివర మూసుకుపోయిన వీధి, బళ్ళు పెద్దగా రావు. మా గేటు ముందునుంచి అవతల మలుపు దాకా కొలతల ప్రకారం పడవ గీయడం మొదలెట్టాడు. సుద్దముక్కలు నలభై అడుగుల దగ్గర అయిపోయాయి. మిగతాది అమ్మ వంటింట్లోంచి బియ్యప్పిండి తెచ్చి రెండు వేళ్ళతో చకచకా లాగేసింది, గీత అంటే అదీ గీత, బావ గీసిన దానికంటే తిన్నగా ఉంది. ముందు భాగం ఖాళీగా బాలేదని ఒక పద్మం కూడా వేసింది. ఆ పిండి చెక్కలకి తెచ్చుకున్నదని మా ఆవిడ ఇంకా అంటూనే ఉంది.

తర్వాత అందరం ఎక్కాం. ఎక్కడం అంటే ముందున్న తలుపు గీత దగ్గర్నుంచి ఒక్కొక్కళ్ళం లోపలికి రావడం. రూలొక్కటే, గీత దాటితే నీళ్ళలో పడ్డట్టే. అమ్మకి సోఫా ఉన్నచోట ప్లాస్టిక్ కుర్చీ వేశాం. మా ఆవిడ వంటింట్లో, పిల్లలు బంకు మంచాల్లో, అంటే తారు రోడ్డు మీద దుప్పటి పరుచుకుని. అక్క వెనక మంచం దగ్గర. టాయిలెట్ ట్యాంకు చాలా పడవల్లో మంచం కిందే ఉంటుందని బావ లేఅవుట్ చూసి చెప్పాడు, "మనం పడుకునే మంచం కిందా?" అని అక్క అడిగిన తీరుకి పక్కింటి కిటికీ తెరుచుకుంది. బావ చిట్టచివర నిలబడి ఇల్లు తుడిచే మాప్ కర్రని చుక్కానిలా పట్టుకున్నాడు. కర్ర ఎడమకి నెడితే పడవ ముక్కు కుడికి పోవాలి, అది ఒంట్లోకి ఎక్కించుకోవాలట. కదలని పడవ మీద మాప్ కర్రని అటూ ఇటూ నెడుతూ "వస్తోంది, వస్తోంది" అంటున్నాడు.

ఇక టీ. మా ఆవిడ వంటింట్లోంచి వెనకున్న బావకి టీ అందించాలి, అది టెస్ట్ కేస్ నంబర్ ఒకటి. నేను వెనకనుంచి ముందుకి రావాలి, అది రెండు. దారి మనిషి పట్టేంతే. సంక్రాంతికి ఊరెళ్ళే రైల్లో ఎదురుపడ్డట్టు ఇద్దరం ఎదురుపడ్డాం, ఎవరో ఒకరు తప్పుకోవాలి, తప్పుకోవడానికి పక్కనున్నది టాయిలెట్ ఒక్కటే. లోపలికి వెళ్ళాను. "తలుపేసుకో మావయ్యా" అన్నాడు మేనల్లుడు. వేసుకున్నాను కూడా, గాల్లో. ఎందుకు వేసుకున్నానని ఇప్పుడు అడక్కండి, పొద్దున్నుంచి ఆ గీతల్లో తిరుగుతుంటే బుర్ర అలా అయిపోతుంది.

సరిగ్గా అప్పుడే డెలివరీ వ్యాన్ వచ్చింది. వచ్చి, మా పద్మం ముందు ఆగింది. హారన్ కూడా కొట్టలేదు, ఈ దేశంలో హారన్ కొట్టకపోవడమే తిట్టు. అద్దం దించి కుర్రాడు అందరినీ వదిలేసి నన్నే చూశాడు, ఎందుకంటే నేనొక్కణ్ణే ఏ పనీ లేకుండా నిలబడి ఉన్నాను. కొంచెం పక్కకి జరుగుతారా అన్నాడు. వ్యాను నాకు పది అడుగుల దూరంలో ఉంది. ఒక్క అడుగు పక్కకేస్తే చాలు, వెళ్ళి సారీ చెప్పి రావచ్చు. కాలు ఎత్తాను. వెనకనుంచి బావ "బామ్మర్దీ, నీళ్ళు!" అని ఒక్క కేక.

ఆ కాలు మళ్ళీ లోపలే పెట్టాను.

అక్కణ్ణుంచి టాయిలెట్ తలుపు తీసుకుని, బంకుల్లో పిల్లల కాళ్ళు దాటుకుని, వంటింట్లో స్టవ్ తగలకుండా పొట్ట లోపలికి పీల్చి, "కొంచెం మోకాళ్ళు అమ్మా" అంటే అమ్మ సోఫాలో మోకాళ్ళు పక్కకి తిప్పుకుంటే, ముందు తలుపు దాకా నడిచి, అమ్మ పద్మం తొక్కకుండా అంచు మీదుగా, బయటికి, అంటే గట్టు మీదికి దిగాను. ఆ కుర్రాడు స్టీరింగ్ మీద గడ్డం ఆనించి మొత్తం చూశాడు. సారీ, మేం పడవలో ఉన్నాం అన్నాను. నా నోటినుంచి వచ్చిన మాట అదే. ఇంగ్లీషులో ఇంకో వాక్యం దొరకలేదు. అతను "పర్లేదు సార్, మీరు దిగాకే వెళ్తాను" అన్నాడు. ఆ "సార్"కి రాత్రి నిద్ర పట్టలేదు.

వీడియోలో ఈ నడకంతా ఉంది. చివర్లో తీసినావిడ నవ్వు కూడా వినిపిస్తుంది. మా బావ మాత్రం ఫ్రేములో లేడు, మలుపు దగ్గర చెట్టు అడ్డమొచ్చింది. అదృష్టం అంటే ఆయనది.

ఈలోగా ఎదురింటి రిటైరైన పెద్దాయన కుక్కని పట్టుకుని వచ్చాడు. ఆయనకి ఇరవై ఏళ్ళు సొంత నారోబోట్ ఉండేదట, ఈ సంగతి ఇన్నాళ్ళలో మాకెవరికీ తెలీదు. చాలా బావుంది అన్నాడు, చుట్టూ తిరిగి చూశాడు, కుక్క బావ నిలబడ్డ వెనక భాగాన్ని శుభ్రంగా నాకేసింది. మీరు గీసింది బయటి వెడల్పు, లోపల గోడలు పోగా ఇంకో అడుగు దాకా తగ్గుతుంది అన్నాడు. అంటే టీ కూడా రాదన్నమాట. ఎక్కడిదాకా అనుకుంటున్నారు అని అడిగాడు. వూస్టర్, వెళ్ళి రావడం అన్నాడు బావ, సోమవారానికి. ఆయన కాసేపు ఏం మాట్లాడలేదు. 66 అడుగుల పడవ కాలవలో ఎక్కడపడితే అక్కడ వెనక్కి తిరగదు, గట్టు కోసి వెడల్పు చేసిన చోట్లే తిప్పాలి, టార్డెబిగ్ లాకుల్లోకి దిగాక అంత చోటుండదు, చిట్టచివరి కింది లాకు దాకా పోవాల్సిందే అని చాలా మర్యాదగా చెప్పాడు. ఇంకో ముక్క కూడా చెప్పాడు, 1945లో ఆ టార్డెబిగ్ దగ్గర ఒక పడవలో ఇద్దరు మనుషులు కలిసి మాట్లాడుకోబట్టే ఈ పాత కాలవల్ని కాపాడే సంఘం పుట్టిందని, లేకపోతే చాలా కాలవలు పూడ్చేసేవాళ్ళేనని. బావ తలాడించాడు. నా కళ్ళకి మాత్రం ఆ ఇద్దరూ ఇంకో పని చూసుకుని ఉంటే బావుండేదనిపించింది.

"నే చెప్పలా" అంది అమ్మ, తెలుగులో, కుర్చీలోంచి లేవకుండా.

వ్యాన్ కుర్రాడు లోపలికొచ్చి పార్సెల్ దించాడు. మా అడ్రసే, పేరు బావది, వాళ్ళింట్లో పగలు ఎవరూ ఉండరని మాకు పెట్టించాడట. అక్కడే రోడ్డు మీద విప్పాడు. లాకులు తిప్పే ఇనప హ్యాండిల్స్ రెండు, బంగారు లంగరు కుట్టిన తెల్ల కెప్టెన్ టోపీ ఒకటి. హ్యాండిల్స్ పడవతో పాటు వాళ్ళే ఇస్తారే అన్నాడు పెద్దాయన. "స్పేర్" అన్నాడు బావ.

అవి రిటర్న్ పెట్టెయ్ బావా, మర్యాదగా ఇంటి వైపే పోదాం అన్నాను. పెడదాంలే అని హ్యాండిల్స్ మళ్ళీ డబ్బాలో సర్దాడు, టోపీ మాత్రం నెత్తిన పెట్టుకుని ఫోన్లో ఎక్సెల్ తెరిచి కొత్త లైను చేర్చాడు. వచ్చే ఆదివారం రెండో రిహార్సల్, సొరంగం. దానికి మా గరాజ్ కావాలట, లైట్లాపేసి.